గుడీ గ్లోవర్ మతం కోసం చనిపోయిందా, మాట అర్థం కాక చంపేశారా?

పాతపేజీ:
1688 నవంబర్ 16న బోస్టన్‌లో గ్లోవర్ అనే ఐరిష్ ముసలామెను మంత్రగత్తె అని ఉరి తీశారు. (గుడీ ఆమె పేరు కాదు. సామాన్యుల ఇళ్ల ఆడవాళ్లను గుడ్‌వైఫ్ అని పిలిచేవారు, దానికి పొట్టి రూపం.) గొడవ బట్టల దగ్గర మొదలైంది. గుడ్విన్ అనే తాపీమేస్త్రి ఇంట్లో కొన్ని బట్టలు కనబడలేదు. వాళ్ల పెద్దమ్మాయి మార్తా, బట్టలుతికే పిల్లను నిలదీసింది. ఆ పిల్ల గ్లోవర్ కూతురు. తల్లి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నలుగురు పిల్లలకు వింత మూర్ఛలు మొదలయ్యాయి.

300 ఏళ్లకు, 1988లో, నగర కౌన్సిల్ ఆ తేదీని గుడీ గ్లోవర్ దినంగా ప్రకటించింది. ఒక చర్చి దగ్గర పెట్టిన ఫలకం ఆమెను మసాచుసెట్స్ తొలి క్యాథలిక్ అమరురాలు అంటుంది. నాకు ఆ మాట అతకలేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఎందుకు అతకదండీ? అది ప్యూరిటన్ల ఊరు, అంటే క్యాథలిక్ పద్ధతులు గిట్టని కరడుగట్టిన ప్రొటెస్టంట్ క్రైస్తవులది. జెస్యూట్ (ఒక క్యాథలిక్ సంఘం) ఫాదర్ కనబడితే వెళ్లగొట్టాలి, మళ్లీ వస్తే చంపాలి అని 1647లోనే చట్టం చేసుకున్నారు. అలాంటి చోట, మతి బాగానే ఉందా అని పరీక్షించడానికి వచ్చిన వైద్యుల ముందు తాను రోమన్ క్యాథలిక్‌నని చెప్పింది. పరలోక జపం లాటిన్‌లో గడగడా చదివింది. ఒకటి రెండు ముక్కల దగ్గర తడబడితే అది కూడా దయ్యం పనే అన్నారు. తమాషా ఏమిటంటే, అప్పటికి బోస్టన్‌ను ఏలుతున్న ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ కూడా క్యాథలిక్కే!

ఎర్రమట్టి:
మెదక్ వైపు బాణామతి (చేతబడి) చేస్తున్నారని పళ్లు ఊడగొట్టిన సంగతులు గుర్తొచ్చాయి. అక్కడ మతం ఎక్కడుంది?

పాతపేజీ:
గోదారిగట్టు గారూ, ఆమె భక్తిని నేను కాదనట్లేదు. మతం వదలనన్నందుకే ఉరి తీశారని ఫలకం చెబుతుంది. కేసు వివరాలు రాసింది కాటన్ మాథర్ అనే పాస్టర్. ఆయనకు క్యాథలిక్కులంటే పడదు, అయినా ఆయన రాసినదాంట్లో 'మతం మార్చుకో, ప్రాణం దక్కుతుంది' అనే బేరం లేదు. ఇంట్లో దొరికిన గుడ్డపేలికల బొమ్మలు, మేకవెంట్రుకలు, పిల్లల మూర్ఛలు, ఇవే సాక్ష్యాలు.

చలిమంట:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. కోర్టులో ఆమె ఐరిష్‌లో తప్ప జవాబివ్వలేదు. ఇద్దరు దుబాసీలను పెట్టారు. ఆమెకు ఇంగ్లీషు బాగా తెలుసని, గుట్టు బయటపడకుండా ఇంకో మంత్రగత్తె ఆమె నోరు కట్టేసి ఉంటుందని మాథర్ రాశాడు. మా అత్తగారు ఇక్కడ న్యూజెర్సీలో కూరగాయల కొట్టువాడితో ఇంగ్లీషులోనే బేరమాడతారు. డాక్టర్ ముందు కూర్చోబెడితే టెన్షన్‌కి తెలుగు తప్ప ఒక్క ముక్క రాదు. ఆవిడ నోరు ఎవరు కట్టారో మరి!

ఇంకోటి. మాథర్ జైలుకు వెళ్లి అడిగితే, 'చెప్పాలనే ఉంది కానీ వాళ్లు చెప్పనివ్వట్లేదు' అందట. ఎవరా వాళ్లు అంటే, నా భూతాలు లేదా నా పునీతులు (క్యాథలిక్కులు కొలిచే పుణ్యాత్ములు) అని జవాబు. ఐరిష్‌లో రెంటికీ ఒకే మాట అంటారని ఆయనే పక్కన రాసుకున్నాడు. పునీతులను తలుచుకునే ముసలమ్మకు, దయ్యాలతో మాట్లాడే మంత్రగత్తెకు మధ్య ఉన్నది ఆ ఒక్క మాటే. అది తేలకుండానే ఉరి తీశారు.

గోదారిగట్టు:
అంటే నా వాదనకే బలం కదా! పునీతులు అనే మాట వినగానే ప్యూరిటన్ చెవికి దయ్యం వినిపించింది. ఆ బొమ్మలు కూడా పునీతులవే అయ్యుండొచ్చు.

పాతపేజీ:
వేలికి ఉమ్మి అద్ది బొమ్మను నిమిరి పిల్లల్ని బాధపెట్టేదాన్నని ఆమె ఒప్పుకున్నట్టు కూడా ఉంది. అదీ దుబాసీ మాటే అంటారా, సరే. కానీ 1656లో ఇదే బోస్టన్‌లో ఆన్ హిబ్బిన్స్‌ను ఇదే నేరానికి ఉరి తీశారు. ఆవిడ డబ్బున్న ప్యూరిటన్ వితంతువు. గ్లోవర్ తర్వాత నాలుగేళ్లకు పక్కనున్న సేలం ఊళ్లో ఇదే నింద మీద ఉరితీసిన 19 మందిలో ఎక్కువమంది ప్యూరిటన్లే. వాళ్లను ఏ మతం కాపాడింది? 'క్యాథలిక్‌గా చనిపోయింది' అని రాయండి, సంతోషం. 'క్యాథలిక్ అయినందుకు' అని వద్దు.

గోదారిగట్టు:
హిబ్బిన్స్ మాట మంచి పాయింటే, ఒప్పుకుంటాను. కానీ ఆవిడను తన భాషలోనే విచారించారు. గ్లోవర్‌కు ఆ చాన్స్ కూడా దొరకలేదు. చావుకు ముందు పాపసంకీర్తనం (చేసిన పాపాలు ఒప్పుకోవడం) వినే ఫాదర్ ఊళ్లోకి రావడానికే వీల్లేదు. ఫలకం మార్చనక్కర్లేదు.

చలిమంట:
ఆ ఫలకం మీద కూతురి ఊసు ఉందా? బట్టల దొంగతనం నింద పడింది ఆ పిల్ల మీదే కదా.