స్క్రీమ్ చేసిన మర్నాడు గొంతు పోతోంది. అలవాటయ్యేదాకా అందరికీ ఇంతేనా?

అనంతపురం_గరగర (మారతహళ్లి, బెంగళూరు):
అన్నలకూ అక్కలకూ నమస్తే. ఆఫీసులో ముగ్గురం కలిసి డెత్ మెటల్ (గరగర గొంతుతో అరుస్తూ పాడే రాక్ సంగీతం) బ్యాండ్ మొదలుపెట్టాం. గొంతు నాది. పీజీలో అరిస్తే పక్క గదుల వాళ్లు ఊరుకోరు. అందుకని రాత్రి పది దాటాక ఫ్రెండ్ కారు తీసుకుని వర్తూరు వైపు వెళ్లి, ఒక పక్కన ఆపి, అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టుకుని అరగంట ప్రాక్టీస్ చేస్తాను. మొదటి పది నిమిషాలు బాగానే వస్తుంది. తర్వాత గొంతు గీరుకుపోయినట్టు మంట, ఆపకుండా దగ్గు. పొద్దున మీటింగులో మాట రాదు. పోయిన వారమైతే నాలుగు రోజులు అమ్మ ఫోన్ కూడా ఎత్తలేదు, మెసేజ్‌లే పెట్టాను. మిరియాల పాలు, తేనె అన్నీ అయ్యాయి. గిటార్ వాయిస్తే వేళ్లకు కాయలు కాసినట్టు గొంతుకూ కాయ కాస్తే నొప్పి పోతుందని మా డ్రమ్మర్ అంటున్నాడు. నిజమేనా?

వేళచ్చేరి_గ్రౌల్ (చెన్నై):
తమ్ముడూ, ముందు ఆ కారు ప్రాక్టీస్ ఆపు. అద్దాలు మూసిన కారులో సీట్లే శబ్దాన్ని మింగేస్తాయి. నీ గొంతు నీకు చిన్నగా వినిపిస్తుంది, ఇంకా గట్టిగా తోస్తావు. పైగా ఏసీ గాలికి గొంతు ఆరిపోతుంది.

నేనూ ఇలాగే మొదలుపెట్టాను. 2011 అక్టోబరులో మెటాలికా బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే రాత్రి రైలెక్కి వచ్చాను. జనంలో నిలబడి అరిచీ అరిచీ వారం రోజులు మూగవాణ్నయ్యాను. స్టేజీ మీద వాళ్ల సింగర్ హెట్‌ఫీల్డ్ రెండు గంటలు పాడి దిగిపోయాడు. ఆయన కూడా 90ల మొదట్లో గొంతు దెబ్బతీసుకుని, ఆ తర్వాతే టీచర్ దగ్గర వార్మప్‌లు నేర్చుకున్నాడని తెలిశాక నాకు కళ్లు తెరుచుకున్నాయి.

మనం మాట్లాడేది స్వరతంత్రులతో. వాటికి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి, ఫాల్స్ కార్డ్స్ అంటారు. లోతైన గ్రౌల్‌లో, అంటే గుర్రుమన్నట్టు పాడటంలో, గరగర చాలావరకు అక్కడ పుట్టాలి. నువ్వు మామూలు కేకనే పెంచుకుంటూ పోతున్నావు, దెబ్బంతా కింది తంత్రుల మీద పడుతోంది. ఇలా చేసి చూడు. నిండు గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకు మోసి దించినప్పుడు 'హూ...' అని బరువుగా ఒక నిట్టూర్పు వస్తుంది చూడు, దాన్ని స్వరం లేకుండా, గాలితోనే వదులు. అదే నిట్టూర్పులో మెల్లగా బరువెత్తుతున్నట్టు బిగించు. ఎక్కడో ఒకచోట గుర్రుమంటుంది. అదీ నీ గ్రౌల్. పక్కవాడితో మాట్లాడేంత శబ్దం చాలు, మిగతాది మైకు చూసుకుంటుంది. నోరు 'ఓ' అన్నట్టు పెడితే లోతుగా, 'ఈ' అన్నట్టు పెడితే పైకి వినిపిస్తుంది. రోజుకు పది నిమిషాలు, అంతే. మంటగానీ చక్కిలిగింతగానీ మొదలైతే ఆ రోజుకు అక్కడితో ఆపెయ్.

మా తాతగారు పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి వేషం కట్టేవారు. తెల్లవార్లూ పద్యాలు పాడినా ఆయన గొంతు చెక్కుచెదిరేది కాదు. "పద్యం నాభి నుంచి లేవాలిరా" అనేవారు. గ్రౌల్ నేర్చుకున్నాకే నాకు ఆ మాట అర్థమైంది.

స్పీచ్_థెరపీ_అక్క (బీటీఎం, బెంగళూరు):
ఆ కాయ మాట గురించే రాస్తున్నాను. గొంతులో కాసే కాయనే డాక్టర్లు నాడ్యూల్ అంటారు. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడే స్వరతంత్రులు సెకనుకు దాదాపు 100 నుంచి 120 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. బలంగా అరిస్తే ఆ తగిలే చోటే వాచి, క్రమంగా గట్టిపడుతుంది. అప్పుడవి పూర్తిగా మూసుకోవు, గాలి జారిపోతుంది, గొంతు బొంగురుపోతుంది. కాబట్టి బాబూ, దయచేసి కాయ కోసం ఎదురు చూడకు.

తేనె అన్నవాహికలోకి పోతుంది, తంత్రులను తాకనే తాకదు. రోజంతా నీళ్లు తాగు, ఆవిరి పట్టు. గొంతు పోయిన రోజున గుసగుసగా మాట్లాడితే కొందరికి గొంతు ఇంకా అలసిపోతుంది, దానికన్నా మౌనం మేలు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కెమెరాతో చూపించుకో. నాడ్యూల్ తేలినా భయపడకు, చాలామందికి ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గుతుంది.

కోరమంగళ_ఫ్రై:
నాకు ఫాల్స్ కార్డ్ ఆర్నెల్లయినా పట్టుబడలేదు. నిద్ర లేవగానే వచ్చే 'ర్ర్ర్' గొంతు ఉంటుందే, ఫ్రై, దాన్నుంచి మొదలుపెట్టాను, నెలలో దారి దొరికింది. చిన్నగా, సన్నగా ఉంటుంది, మైకులోనే బలం తెలుస్తుంది. రెండూ ప్రయత్నించి చూడు, ఏది నొప్పి లేకుండా వస్తే అదే నీది.

అనంతపురం_గరగర:
అన్నా, అక్కా, ఐదు రోజులు పూర్తిగా మానేసి, నిన్న సాయంత్రం గదిలోనే తలుపేసుకుని ఆ సిలిండర్ నిట్టూర్పు చేశాను. ఏడోసారో ఎనిమిదోసారో గుర్రుమంది. రెండు క్షణాలే, కానీ మంట లేదు. పక్క మంచం మీద పడుకున్న కడప అన్న ఇటు తిరగనైనా లేదు. ఈ పొద్దున అమ్మతో అరగంట మాట్లాడాను.