మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ ఉన్నవారిలో స్పృహ తప్పడం: మీ అనుభవాలు చెప్పండి

ఒంగోలు_పద్మ: మా చెల్లికి 32 ఏళ్లు. ఎకో అనే గుండె స్కాన్‌లో మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ (గుండె ఎడమవైపు ఉండే వాల్వు రెక్కలు వదులై వెనక్కి ఉబ్బడం), లీకేజి స్వల్పం అని రాశారు. భయం లేదన్నారు. కానీ మొన్న మెట్లెక్కుతూ ఉన్నట్టుండి పడిపోయింది, నిమిషంలోపే తేరుకుంది. ఇంట్లో అందరూ నీరసమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

ఖమ్మం_మాస్టారు: అమ్మా, నాకూ ఏళ్లుగా ప్రొలాప్స్ ఉంది. అప్పుడప్పుడు దడ వస్తుంది, పోతుంది. నూటికి ఇద్దరు ముగ్గురికి ఉండేదే ఇది. ఎక్కువమందికి ఏ హానీ చేయదు. బెంగపడకండి.

విశాఖ_సిస్టర్: మాస్టారు గారూ, మీ లెక్క నిజమే. కానీ పద్మ గారు చెప్పింది దడ గురించి కాదు, పడిపోవడం గురించి. నేను కార్డియాలజీ వార్డులో పనిచేస్తాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, దీన్ని నీరసమని వదిలేయకండి. ప్రొలాప్స్ ఉన్న కొద్దిమందిలో వదులైన వాల్వు రెక్కలు ప్రతి స్పందనకూ పై గదిలోకి ఉబ్బుతూ, తమను పట్టి ఉంచే పాపిలరీ కండరాలను గుంజుతాయి. ఆ గుంజుడుకు కండరంలో మచ్చ ఏర్పడవచ్చు. అక్కడి నుంచి అదనపు స్పందనలు పుడతాయి. అవే వరుసకడితే వెంట్రిక్యులర్ టాకికార్డియా, అంటే గుండె కింది గదుల నుంచి పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ. అప్పుడు మెదడుకు రక్తం చాలక మనిషి పడిపోతాడు. లీకేజి స్వల్పంగా ఉన్నా ఇది రావచ్చు. రెండు రెక్కలూ ఉబ్బుతున్నాయా, వాల్వు వలయం కండరం నుంచి విడివడి ఉందా, ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో టీ తరంగం తలకిందులైందా అని డాక్టరును అడగండి.

నెల్లూరు_రమణ: మా అమ్మది రుమాటిక్ జ్వరం వల్ల సన్నబడిన వాల్వు. ఆమెకు వచ్చింది పై గదిలో లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. రక్తం గడ్డకట్టి పక్షవాతం రాకుండా అసిట్రోమ్ అనే రక్తం పలచబరిచే మందు వాడుతూ, ఐఎన్ఆర్ అనే రక్త పరీక్షతో అది సరిపోతోందో లేదో చూపించుకుంటున్నాం. వాల్వు జబ్బులన్నీ ఒకటి కావు.

డాలస్_శ్రీను: నాది అచ్చంగా మీ చెల్లి గారి పరిస్థితే. 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్‌లో ఏమీ దొరకలేదు. రెండు వారాలు ఛాతీకి అంటించుకునే ప్యాచ్‌లో లయ దోషం దొరికింది. తర్వాత గుండె ఎంఆర్ఐలో మచ్చ కనిపించింది. ప్రొలాప్స్‌తో వచ్చే ఈ లయ దోషాలపై యూరప్ నిపుణులు 2022లో ఇచ్చిన మార్గదర్శక పత్రాన్ని మా డాక్టరు ముందుపెట్టి వివరించారు. కారణం తెలియకుండా స్పృహ తప్పడం అందులో ముఖ్యమైన హెచ్చరిక. నాకు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇచ్చి, ఐసీడీ అనే చిన్న పరికరాన్ని శరీరంలో అమర్చారు. ప్రమాదకరమైన లయ మొదలైతే అదే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. అందరికీ ఐసీడీ అక్కర్లేదు, కానీ పరీక్షలు మాత్రం మానవద్దు. మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారున్నారా?

ఒంగోలు_పద్మ: మా మేనమామ నలభై దాటకుండానే నిద్రలో పోయారు. గుండెపోటనుకున్నాం.

విశాఖ_సిస్టర్: ఆ మాటే డాక్టరుకు ముందు చెప్పండి, ఈ వారంలోనే. మళ్లీ పడిపోయి పిలిచినా పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే 108కి ఫోను చేసి, వాళ్లొచ్చేదాకా ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఇంట్లో అందరికీ నేర్పండి.

ఒంగోలు_పద్మ: అలాగే అక్కా. రేపే తీసుకెళ్తున్నాను. తను రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తుంది, ఆపించాలా?

విశాఖ_సిస్టర్: కారణం తేలి డాక్టరు సరేననేదాకా ఆపించండి. ఈత కూడా.