కొట్టేయబోతున్న ఆవకాయ మామిడి చెట్టు: అంటు కట్టి రకాన్ని నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో బావి పక్కన ఒక పాత మామిడి చెట్టు ఉంది. ఎవరూ నాటలేదు, టెంక పడి మొలిచింది. పేరంటూ లేదు కనుక ఇంట్లో బావి మామిడి అంటాం. కాయ చిన్నది, పులుపు గట్టిది, పీచు ఎక్కువ. ఆ కాయతో పెట్టిన ఆవకాయలో ముక్క మళ్లీ వేసవి వచ్చేదాకా మెత్తబడదు. ఇప్పుడు ఆ స్థలం చేతులు మారింది. దసరా తర్వాత చెట్టు కొట్టేస్తామని, అప్పటిదాకా ఏం తీసుకున్నా అభ్యంతరం లేదని కొన్నవారు చెప్పారు. ఈ ఏడాది కాయల టెంకలు కొన్ని దాచాను. వాటిని నాటితే సరిపోతుందా, అంటు కట్టించాలా? చెట్టు బాగా ఎత్తు, చేతికందే కొమ్మ ఒక్కటీ లేదు. నాకు ఈ పని బొత్తిగా తెలియదు, మొదటి నుంచి చెప్పండి.

జవాబు (ఆగిరిపల్లి, మామిడి రైతు)

అమ్మా, టెంకలు నాటితే మామిడి చెట్టు వస్తుంది, బావి మామిడి రాదు. మన వైపు రసాలు, బంగినపల్లి, ఊరగాయ కాయలు దాదాపు అన్నీ టెంకకు ఒకే మొలక ఇచ్చే రకాలు. పూత మీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడి తెచ్చిందో ఆ చెట్టు గుణం కూడా ఆ మొలకలో కలిసి ఉంటుంది. కేరళ వైపు ఒలూర్, కురుక్కన్ లాంటి రకాల్లో ఒకే టెంక నుంచి నాలుగైదు మొలకలు లేస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి పోలికే. మనకు ఆ సౌకర్యం లేదు. చిన్నరసమైనా చెరుకురసమైనా ఇన్ని తరాలు నిలిచింది అంటు వల్లనే.

పేరున్న రకం చెట్టు ఒకటి పోతే ఇంకో తోటలో దొరుకుతుంది. మీది ప్రపంచంలో ఒకే ఒక్క చెట్టు. అందుకే ఈ పని వాయిదా వేయకండి. ఆరుద్ర కార్తె నడుస్తోంది, గాలిలో తేమ ఉంది. మఖ కార్తె దాకా అంటుకు మంచి అదనే.

మా పెద్దలైతే కుండీలో మొక్కను తల్లి చెట్టు దగ్గరకే తీసుకెళ్లి, కొమ్మకు ఆనించి దగ్గర అంటు కట్టేవారు. రెమ్మ తల్లి నుంచి విడిపోకుండానే అతుక్కుంటుంది కనుక నాకు ఇప్పటికీ దాని మీదే నమ్మకం.

జవాబు (కడియం, నర్సరీలో అంటు కట్టే పని)

పెద్దాయన చెప్పినదంతా నిజం. కానీ దగ్గర అంటుకు ఇంత ఎత్తు చెట్టు మీద మంచె కట్టాలి, కుండీలు పైకెక్కించాలి, రెండు మూడు నెలలు వాటికి అక్కడే నీళ్లు పోయాలి. హైదరాబాద్‌లో ఉండేవారికి సాగే పని కాదు. పుల్ల, అంటే తల్లి చెట్టు రెమ్మ, కోసి తెచ్చి, ఇంకో మొక్క కాండాన్ని చీల్చి అందులో దించే చీలిక అంటు కట్టడమే దారి. గాలి అంటు కట్టి కొమ్మకు చెట్టు మీదే వేరు పుట్టిద్దామని ఎవరైనా అంటే వినకండి, మామిడికి వేరు రావడం చాలా కష్టం.

అక్కా, ఈ పనిలో సగం గెలుపు పుల్ల ఎంపికలోనే ఉంది. మూడు నాలుగు నెలల వయసున్న కొనరెమ్మ కావాలి. ఈ ఏడాది పూసిన రెమ్మ వద్దు. లేత ఎరుపు చిగురు పనికిరాదు, బెరడు బూడిదరంగుకు తిరిగిన ముదురు కొమ్మా పనికిరాదు. పెన్సిలు మందంలో, ముదురాకుపచ్చగా, వంచితే కొద్దిగా ఎదురు తిరిగే రెమ్మ చూడండి. చెట్టెక్కే మనిషిని పిలిచి, అలాంటి రెమ్మలకు ఆకులన్నీ కత్తిరించమనండి. తొడిమలు మాత్రం రెమ్మకే ఉండాలి. వారం పది రోజుల్లో ఆ తొడిమలు ముట్టుకుంటే రాలిపోతాయి, కొనమొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు ఉదయం పూట జానెడు పొడవున కోయించండి. మొగ్గ విచ్చుకున్నాక కోస్తే ఆలస్యమైనట్టే. దోటితో లాగించవద్దు, రెమ్మ చీలిపోతుంది. మనిషి రెండుసార్లు ఎక్కాలి, ఆ కూలి ముందే మాట్లాడుకోండి.

ముసలి చెట్టు కదా, మంచి రెమ్మలు తక్కువ ఉండవచ్చు. ఆకులు తీయించే రోజే రెండు మూడు పెద్ద కొమ్మల చివరలు నరికించండి. అక్కడ బలమైన కొత్త రెమ్మలు వస్తాయి, దసరా ముందు రెండో విడత పుల్లలకు అవి అక్కరకు వస్తాయి. వర్షాలు తగ్గితే అంటు పట్టడమూ కొంత తగ్గుతుంది, కాబట్టి మొదటి విడతనే గట్టిగా నమ్ముకోండి. ఎండుతెగులు పట్టిన కొమ్మ, బంక కారే కొమ్మ జోలికి వెళ్లవద్దు. రోగం కూడా పుల్లతో పాటే నలుగురి తోటల్లోకి పోతుంది.

మీరు దాచిన టెంకలు కూడా వృథా కావు. మామిడి టెంక నెల దాటితే మొలకెత్తే శక్తి బాగా పడిపోతుంది, ఈ వారమే ఇసుక కలిపిన మట్టిలో వేయండి. మొలిచినవాటిని వేరు మొక్కలుగా, అంటే పుల్లను అతికించే కింది మొక్కలుగా, వాడుకోవచ్చు. ఆకులు ఇంకా రాగిరంగులో ఉన్న లేత మొలక మీద కూడా అంటు కడతారు, టెంక అంటు అంటారు దాన్ని. చేయి తిరిగినవారికే అది సులువు. మీరైతే నర్సరీలో దొరికే ఏడాది వయసు నాటు మొక్కలు తీసుకోండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

చాలా ధైర్యం వచ్చింది. కోసిన పుల్లలు హైదరాబాద్ చేరేదాకా ఎలా ఉంచాలి? కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు (కడియం)

తడిపి బాగా పిండిన గోనెగుడ్డలో చుట్టి, పైన పాలిథీన్ కవరు కట్టండి. నీళ్లు కారేంత తడి ఉంటే బూజు పడుతుంది. కారు డిక్కీలో, ఎండలో పెట్టవద్దు. రెండు మూడు రోజులు నిలుస్తాయి, అయినా ఎంత తొందరగా కడితే అంత మంచిది.

కట్టే తీరు ఇదీ. వేరు మొక్కను జానెడు ఎత్తులో అడ్డంగా కోసి, మధ్యలో రెండంగుళాల లోపు నిలువు చీలిక పెట్టాలి. పుల్ల అడుగును రెండు వైపులా అంతే పొడవున, కిందికి సన్నబడే చీలలా చెక్కాలి. బ్లేడు కొత్తది, స్పిరిట్‌తో తుడిచినది కావాలి. ఒక్క కోతలో చెక్కాలి, గీకుతూ కూర్చుంటే కోత ఆరిపోతుంది. బెరడు కింద పచ్చని పలుచటి పొర ఉంటుంది, అతుక్కునేది అదే. పుల్ల సన్నగా ఉంటే మధ్యలో దించకండి, ఒక పక్కకు జరిపి ఆ వైపు బెరడుకు బెరడు కలపండి. పాలిథీన్ పట్టీతో బిగించి, పైన సన్నని ప్లాస్టిక్ గొట్టం టోపీలా తొడిగి నీడలో ఉంచండి. మూడు వారాల ప్రాంతంలో మొగ్గ కదులుతుంది, అప్పుడు టోపీ తీయాలి. కట్టు మాత్రం రెండు మూడు నెలలు ఉంచాలి. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లేయండి. అవి నాటు మొక్కవి, వదిలితే మీ రకాన్ని మింగేస్తాయి.

జవాబు (ఆగిరిపల్లి)

ఇంకో మాట. మొక్కలన్నీ ఒకేచోట పెట్టుకోకండి. నా తోటలో ఒక కలెక్టర్ మామిడి ఉంది, తోతాపురి అంటారే, అదే. దాని కొమ్మలు రెండు నరికి, వచ్చిన చిగుళ్ల మీద మీ పుల్లలు కడతాను. పెద్ద చెట్టు వేరు బలం ఉంటుంది కనుక పుల్లలు త్వరగా ఎదుగుతాయి. మీకు ఎప్పుడు పుల్ల కావాలన్నా వచ్చి కోసుకోవచ్చు. ఊళ్లో ఇంకో ఇద్దరికి కూడా ఇవ్వండి. పుల్ల కట్టకు ‘బావి మామిడి, ఆవకాయ కాయ’ అని, ఊరు, కోసిన తేదీ చెరగని సిరాతో రాసి కట్టండి. పేరు రాయని అంటు నాలుగేళ్ల తర్వాత ఎవరిదో తెలియని చెట్టు అవుతుంది.

ప్రశ్న (గుంటూరు, మిద్దెతోట)

నాకూ రెండు పుల్లలు ఇస్తారా? మా దగ్గర కొత్తపల్లి కొబ్బరి అనే మామిడి రకం అంటు ఉంది, బదులు ఇస్తాను. ఇలా ఇచ్చిపుచ్చుకోవడానికి చట్టం అడ్డు వస్తుందా?

జవాబు (ఆగిరిపల్లి)

రాదమ్మా. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకునే, మార్చుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. నాటడానికి వాడే కొమ్మలు, అంట్లు కూడా అందులో విత్తనం కిందికే వస్తాయి. బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే.

ప్రశ్న (అమెరికా, టెక్సస్)

సంక్రాంతికి వస్తున్నాను, నాలుగు పుల్లలు సంచిలో తెచ్చుకోవచ్చా?

జవాబు (కడియం)

వద్దండి. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే కొమ్మలు విమానాశ్రయం దాటనివ్వరు. ఇక్కడి పురుగు అక్కడి తోటలకు చేరితే నష్టం చాలా పెద్దది. మీ ఊళ్లో పొలం ఉంటే చెప్పండి, ఒక అంటు అక్కడ పెడదాం.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

ఆదివారం చెట్టెక్కే మనిషి వస్తున్నాడు. గుంటూరు అక్కయ్యకు తప్పకుండా ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది. కాయ ఎప్పటికి చూస్తాం?

జవాబు (ఆగిరిపల్లి)

అంటు మొక్క మరుసటి ఏడాదే పూత వేయవచ్చు. మూడేళ్లు ఆ పూత తుంచేయండి, మొక్క బలపడాలి. నాలుగో ఏడు కాయ ఉంచండి. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకుండా చూడండి. నా కలెక్టర్ చెట్టు మీది కొమ్మలు రెండు మూడేళ్లలోనే కాయవచ్చు, ఆ కాయలు ఆవకాయకు మీకే పంపుతాను.