‘బాగా’ ఎక్కువా, ‘చాలా’ ఎక్కువా?

గ్రూపులో పెద్దలకి నమస్కారం, రెండు మాటల దగ్గర వారం నుంచి ఆగిపోయాను, సాయం చెయ్యండి. క్యాన్సర్ ట్రయల్స్‌లో బాధ ఎంతుందో పేషెంటు నోటితోనే చెప్పించడానికి క్యూఎల్‌క్యూ-సీ30 అని ఒక ప్రశ్నాపత్రం వాడతారు, యూరప్‌లో ఈఓఆర్‌టీసీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ వాళ్లది, 1993లో వచ్చింది. 30 ప్రశ్నల్లో 28కి జవాబులు నాలుగే: నాట్ ఎట్ ఆల్, ఎ లిటిల్, క్వైట్ ఎ బిట్, వెరీ మచ్. ఏ భాషలో అడిగినా ఆ నాలుగు మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే ఒక దేశం లెక్క ఇంకో దేశం లెక్కతో కలవదు.

మా స్టడీకి సొంతంగా రాసుకున్న ప్రశ్నలకి కూడా ఇవే నాలుగు మెట్లు పెట్టుకుంటున్నాం. ‘అస్సలు లేదు’, ‘కొంచెం’ వరకు ఓకే. తర్వాత ‘బాగా’, ‘చాలా’ అని పెట్టాం, అక్కడే తంటా. మొన్న నల్గొండ వైపు పెద్దామెని నొప్పి ఎట్లుందమ్మా అంటే నడుం పట్టుకుని “బాగనే ఉంది బిడ్డా” అంది. పక్కనున్న కొత్తమ్మాయి ‘కొంచెం’ దగ్గర టిక్ పెట్టబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపాను, ఎందుకంటే ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది, నొప్పి మస్తుగా ఉందని చెప్తోంది.

ఇది చిన్న విషయం కాదండీ. సీ30లో ఆయాసానికి ఉన్నది ఒక్కటే ప్రశ్న, దాని జవాబుని 100 పాయింట్ల లెక్కకి మారిస్తే మెట్లు 0, 33, 67, 100. సుమారు 10 పాయింట్లు మారితేనే తేడా ఉందని లెక్కేసే చోట ఒక్క మాట జారితే 33 పోతాయి.

రిప్లై: అక్కా, మాది కర్నూలు. మా వైపు ‘బాగా’ కంటే ‘శానా’నే ఎక్కువ, అనుమానం లేదు.

రిప్లై: మా గోదావరి వైపు తిరగేసి ఉంటుందండీ. ‘చాలా నొప్పిగా ఉంది’ అని డాక్టరు ముందు మర్యాదగా అంటాం, నిజంగా తట్టుకోలేకపోతే ‘బాగా నొప్పెడుతోంది’ అంటాం. ఇంకోటి, ‘ఆయాసం’ కూడా చూసుకోండి, నిఘంటువులో శ్రమ, అలసట అనే ఉంటుంది, మా ఇంట్లో మాత్రం ఊపిరి అందకపోతేనే ఆయాసం.

నా రిప్లై: గురువుగారూ, ఆ ఆయాసం సంగతి చాలా మంచి మాట చెప్పారు, సీ30లో నీరసానికి మూడు ప్రశ్నలు వేరే ఉన్నాయి, రెండూ కలిస్తే మొత్తం పోతుంది. ఇక నుంచి ‘ఊపిరి అందట్లేదా’ అనే అడుగుతాం. మెట్ల సంగతికొస్తే, ఇంగ్లీషు చూడని ఒకావిడతో మా తెలుగుని మళ్లీ ఇంగ్లీషు చేయిస్తే ‘బాగా’, ‘చాలా’ రెండూ ‘వెరీ’ అనే వచ్చాయి, అప్పుడే ‘బాగా’ని తీసేద్దామనిపించింది. ‘కొంచెం’, ‘ఎక్కువే’, ‘చాలా ఎక్కువ’ అయితే వరస చెవికే తెలుస్తుంది కదా?

సోమవారం నుంచి ఈ మాటలన్నీ చీటీల మీద రాసి, చదువు రానివాళ్లకి చదివి వినిపించి, తక్కువ నుంచి ఎక్కువకి పేర్చమని పేషెంట్లనే అడుగుతాను. మీరూ ఇంట్లో పెద్దవాళ్లతో ‘బాగా’, ‘చాలా’, ‘శానా’ పేర్పించి చూడండి, ఏ ఊరో కూడా రాయండి, నాకు అదే ముఖ్యం.