హిమబిందు రెండోసారి: అత్తయ్యకు చదివి వినిపిస్తూ వర్ణనలు దాటేయొచ్చా?

పెరంబూర్ కోడలు:
అత్తయ్యకు కేటరాక్ట్ ఆపరేషన్ అయింది. కళ్లకు శ్రమ వద్దన్నారని రోజూ రాత్రి అడవి బాపిరాజు గారి హిమబిందు నవల నేను చదువుతున్నా, ఆవిడ వింటున్నారు. ఇద్దరికీ రెండోసారే. నేను ఇంటర్‌లో చదివా, ఆవిడ పెళ్లికి ముందే చదివారట. నగలూ చీరల వర్ణన రాగానే నాకు ఆవలింతలు. నిన్న అర పేజీ ఎగ్గొడితే "ఆ హారం ఏమైందమ్మాయ్?" అని పట్టేశారు! ఇలా జతగా మళ్లీ చదివినవాళ్లు ఏం చేశారు? పెద్దక్షరాల ప్రతి ఎక్కడైనా దొరుకుతుందా?

చూళైమేడు చదువరి:
ఎగ్గొట్టడమా! రాసింది చిత్రకారుడు తల్లీ. ఆ పేజీలు తీసేస్తే ఏం మిగులుతుంది? నేనూ తమ్ముడూ మళ్లీ చదివేముందు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కథ జరిగే శాతవాహనుల కాలం నాటి అమరావతి శిల్పాలు చూసొచ్చాం. ఆ పాలరాతి బొమ్మల మెడల్లో, నడుముల మీద ఉన్నవే పుస్తకంలోనూ కనిపించాయి. ఆ తర్వాత ఒక్క వాక్యం వదల్లేదు.

రాతి పిచ్చోడు:
పాలరాయి కాదండీ. పల్నాటి సున్నపురాయి.

చూళైమేడు చదువరి:
లండన్ వాళ్లే మార్బుల్స్ అన్నారు కదా?

రాతి పిచ్చోడు:
వాళ్లు అంటే రాయి మారిపోతుందా? 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి అమరావతిలో తవ్వించి మద్రాసు తెప్పించిన పలకలు ఏళ్ల తరబడి ఆరుబయట ఎండావానల్లో పడున్నాయి. 1859లో చాలావాటిని లండన్‌కు ఓడెక్కించారు. ఆయన పేరుతో ఇలియట్ మార్బుల్స్ అని పిలిచారు, అంతే. నేను జియాలజీ చదివినవాణ్ణి. యాసిడ్ చుక్క వేస్తే పొంగుతుంది, అదే రుజువు.

చూళైమేడు చదువరి:
పాలరాయి మీద వేసినా పొంగుతుంది సార్. వేడికీ ఒత్తిడికీ మారిన సున్నపురాయే పాలరాయి. ఏ కాలేజీలో చదివారో!

రాతి పిచ్చోడు:
మారింది వేరు, మారనిది వేరు. పాలూ పెరుగూ ఒకటేనా? మాట తిన్నగా రానివ్వండి.

బెంగళూరు బావ:
శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియంకి సెలవు. రాత్రి రైలెక్కి బెంగళూరు నుంచి వచ్చి గేటు చూసి వెళ్లాం. అన్నట్టు నేనూ మా బావమరిదీ ఫోన్లో వారానికి ఇంత అని చదువుకున్నాం. వాడు ముందుకెళ్లిపోయి చివర ఏమవుతుందో చెప్పేశాడు. కోప్పడితే "రెండోసారే కదా బావా" అని నవ్వు. నేను మర్చిపోయాను మరి!

విషకన్య పక్షం:
రాళ్లు వదిలేసి నవల్లో విషకన్యగా పెంచిన ఆ పిల్ల గురించి ఒక్కరైనా మాట్లాడండి. మొదటిసారి చదివినప్పుడు నా కళ్లన్నీ హీరో సువర్ణశ్రీ మీదే. శిల్పి, పైగా ఎడ్ల పందెం గెలిచినవాడు, పదిహేడేళ్లకి ఇంకేం కావాలి! ఇప్పుడు మా అమ్మాయితో కలిసి చదువుతుంటే, పెద్దవాళ్ల ఎత్తుల కోసం పిల్లకి విషం అలవాటు చేసి పెంచడం దగ్గర పుస్తకం మూసేశాను. ముద్రారాక్షసం అనే సంస్కృత నాటకంలోనూ విషకన్య ఉంది. చంద్రగుప్తుణ్ణి చంపడానికి పంపితే, అతని బదులు పర్వతకుడనే రాజు పోతాడు. అక్కడ ఆమె ఒట్టి ఆయుధం. బాపిరాజు గారు ఆయుధానికి మనసు పెట్టారు, అందుకే బాధ. మా అమ్మాయి మాత్రం "హిమబిందు కంటే ఈమే నయం" అంది.

రాతి పిచ్చోడు:
ఆయుధం సరే, నాకు జవాబు రాలేదు.

విషకన్య పక్షం:
మీకు రాతి గుండె అని పేరు పెట్టుకోవాల్సింది.

బెంగళూరు బావ:
పెరంబూర్ కోడలుగారూ, బాపిరాజు గారు 1952లో పోయారు, 2013 నుంచి కాపీరైట్ లేదు. ట్యాబ్‌లో పెట్టుకుని అక్షరాలు పెద్దవి చేసుకోండి. కానీ వినే ఆవిడకి పెద్దక్షరాలు ఎందుకు?

పెరంబూర్ కోడలు:
ఆవిడకి కాదండీ, నాకు. చత్వారం వచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాత్రి లైటు కింద హారం పేజీ మళ్లీ చదవమన్నారు, ముత్యాలు ఎన్ని పేటలో కనబడక మూడు అనేశాను. "ఐదు" అన్నారు అత్తయ్య.