నివురు గప్పిన నిప్పు: జ్ఞాపక టీ కణాలకు ఈ మాట నప్పుతుందా?

పెన్నా ఒడ్డు (అనంతపురం):
ఇంటర్ బైపీసీ పిల్లల కోసం రోగనిరోధక శక్తి మీద తెలుగులో ఒక చిన్న పాఠం రాస్తున్నాను. టీ కణాలంటే క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. జబ్బు తగ్గాక ఆ క్రిమిని గుర్తుపెట్టుకుని మిగిలేవి జ్ఞాపక టీ కణాలు. వాటి గురించి రాస్తూ ఒక వాక్యం దగ్గర కలం ఆగింది. "జబ్బు తగ్గాక కొన్ని టీ కణాలు నివురు గప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోతాయి. మళ్ళీ అదే క్రిమి వస్తే ఉత్తేజితమవుతాయి." మొదటి వాక్యం బాగానే ఉంది. రెండోదానిలో 'ఉత్తేజితం' దగ్గరికి వచ్చేసరికి నిప్పు మీద నీళ్ళు చల్లినట్టయింది. అంటుకుంటాయి, రాజుకుంటాయి, రగులుకుంటాయి, మేల్కొంటాయి... వీటిలో ఏది పెట్టమంటారు? అసలు ఈ పోలికే కుదరదంటే అదీ చెప్పండి.

గండికోట (కడప):
పోలికే మార్చమంటాను. నివురు గప్పిన నిప్పు అనేది మెచ్చుకోలు మాట కాదు. "పైకి ప్రశాంతంగా ఉన్నా ఊళ్ళో పరిస్థితి నివురు గప్పిన నిప్పులా ఉంది" అనే వాక్యం మన జిల్లాల పేపర్లు చదివేవాళ్ళకు కంఠతా వచ్చు. పోలీసు పికెట్ వేసిన ఊరికి వాడే మాట అది. మారువేషంలో ఉన్న వీరుడి గురించి కవులు అలా అన్నా, ఎదుటివాడికి ముప్పు పొంచి ఉందనే అర్థం. పైన బూడిద, కింద సెగ, తెలియక చెయ్యి పెట్టేవాడు ఒకడు: ఈ మూడూ ఉంటేనే ఆ మాటకు బలం. మనల్ని కాపాడే కణాలకు దాన్ని అంటగడితే పిల్లలకు తప్పుడు భావం పోతుంది. ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉండే టీబీ క్రిమికి వాడండి, అతికినట్టు సరిపోతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
మాస్టారూ, చెయ్యి పెట్టేవాడు ఉంటేనే ఆ మాట అన్నారు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఆ చెయ్యి ఎవరిదో చెప్తాను. చాలాసార్లు మనదే. ఈ కణాలు మనల్ని కాస్తాయి, ఒక్కోసారి మనల్నే కాలుస్తాయి. ఆ ముప్పు కూడా పలుకుతుంది కాబట్టే ఈ మాటను నేను వదులుకోను.

ముందు 'ఇన్‌ఫ్లమేషన్' సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ కణాలు లేచేది ఆ సందర్భంలోనే. పాఠ్యపుస్తకాల్లో వాపు, శోథ అని రకరకాలుగా కనిపిస్తుంది. దానికి ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు గుర్తులు చెప్పాడు మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్. వాపు ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. నా మట్టుకు 'మంట' మేలు. కన్ను మంట, ఒళ్ళు మంట, పుండు మంట అని అందరం అంటూనే ఉంటాం. మండడం, బాధ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న. ఏ మాట పెట్టాలన్నది కణం ఎలా లేచిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంతవరకు ఏ క్రిమినీ చూడని కొత్త టీ కణానికి లేవడం అంత తేలిక కాదు. డెండ్రైటిక్ కణం అనేది క్రిమి ముక్కను పట్టుకొచ్చి లింఫ్ గ్రంథిలో దానికి చూపించాలి. గజ్జల్లో, చంకలో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళలే ఈ గ్రంథులు. టీ కణం పైనున్న గ్రాహకం ఆ ముక్కను తాకి గుర్తుపట్టాలి. అది చాలదు, సీడీ28 అనే మరో అణువు ద్వారా "ఇది నిజమే" అన్నట్టు రెండో సంకేతం కూడా అందాలి. అప్పుడు గానీ అది విభజన మొదలుపెట్టదు, సైన్యం తయారవడానికి రోజులు పడుతుంది. జ్ఞాపక కణానికి ఇంత తతంగం అక్కర్లేదు. అదే ముక్క మళ్ళీ తగిలితే గంటల్లోనే పనిలోకి దిగుతుంది. రెండో సంకేతం మీద కూడా అంతగా ఆధారపడదు. ఇక్కడ నేను 'అంటుకుంటుంది' అంటాను. అంటు అంటే తాకడం, అంటుకోవడం అంటే నిప్పు పట్టడం. గ్రాహకం క్రిమి ముక్కను నిజంగానే తాకాలి కాబట్టి రెండర్థాలూ పనికొస్తాయి.

రెండో దారి వేరు. క్రిమి ముక్క తగలకుండానే ఇవి లేస్తాయి! ఒంట్లో ఎక్కడో మంట మొదలైతే అక్కడి కణాలు సైటోకైన్లనే సందేశాల అణువులను వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-12, 15, 18 లాంటివి చుట్టూ ఎక్కువగా పేరుకుంటే, ఎప్పుడో ఫ్లూ కోసం తయారైన సీడీ8 (క్రిమి సోకిన కణాలను చంపే రకం) జ్ఞాపక కణం కూడా, తనకు సంబంధం లేని జబ్బులో, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్‌ను కుమ్మరించడం మొదలుపెడుతుంది. కొత్త కణాల మీద ఇంటర్‌ల్యూకిన్-18ని అందుకునే గ్రాహకాలు పెద్దగా ఉండవు, అందుకని అవి ఈ గాలికి కదలవు. ఎండు కట్టె మీద ఎంత ఊదినా మంట రాదు, కింద నిప్పు ఉన్న బూడిద మీద ఊదితే వస్తుంది. కొత్త నిప్పు తేకుండా ఉన్నదాన్నే ఊది లేపడాన్ని మనం రాజేయడం అంటాం, కుంపటి రాజేసినట్టు. కాబట్టి ఇది 'రాజుకోవడం'. ఇలా రాజుకున్న కణాలు ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి, కొన్ని చంపుతాయి కూడా. కానీ అసలు క్రిమి తగిలినప్పుడు పెరిగినంతగా వాటి సంఖ్య పెరగదు.

ఈ గాలి కూడా ఒక్కటి కాదు, ఏ కణాన్ని లేపే గాలి ఆ కణానిదే. వైరస్‌ల మీద, టీబీ లాంటి క్రిముల మీద పనిచేసే టీహెచ్1 అనే రకం సహాయక టీ కణం ఇంటర్‌ల్యూకిన్-12, 18 కలిసి వస్తే లేస్తుంది (ఇకపై చెప్పే అంకెలూ ఇంటర్‌ల్యూకిన్లవే). అలర్జీల్లో కనిపించే టీహెచ్2 రకం 33 వస్తే లేచి 5, 13లను వదులుతుంది. సోరియాసిస్‌లో వినిపించే టీహెచ్17 రకానికి 23తో పాటు 1-బీటా కావాలి. కాబట్టి "మంట వస్తే జ్ఞాపక కణాలు లేస్తాయి" అని ఒక్క ముక్కలో రాసేయకండి. ఏ మంటకు ఏవి లేస్తాయన్నదే అసలు విషయం.

మరి ఇంతకాలం నిప్పు ఆరకుండా ఎలా ఉంటుంది? 7, 15 అనే ఇంటర్‌ల్యూకిన్లు కొద్దికొద్దిగా అందుతుంటే క్రిమి జాడ లేకపోయినా ఈ కణాలు బతుకుతాయి, మెల్లగా విభజన చెందుతూ తమ సంఖ్యను నిలబెట్టుకుంటాయి. 15ను చూడండి. కొద్దిగా ఉంటే నిప్పును కాపాడుతుంది, మోతాదు మించితే మంట లేపుతుంది.

మాస్టారు అడిగిన ముప్పుకు రుజువు కూడా ఇక్కడే ఉంది. హెపటైటిస్-ఏ కామెర్లలో కాలేయ కణాలను ఆ వైరస్ నేరుగా పెద్దగా చంపదు. 2018లో కొరియా పరిశోధకులు చూపించిందేమిటంటే, వైరస్ సోకిన కాలేయ కణాలు ఇంటర్‌ల్యూకిన్-15ను తయారుచేస్తాయి, దాంతో వేరే వైరస్‌ల కోసం తయారై ఉన్న సీడీ8 జ్ఞాపక కణాలు రాజుకుని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. తగువుతో సంబంధం లేనివాడు కర్ర తీసుకుని వచ్చినట్టే కదా!

ఆదోని రైలు:
అక్కా, ఒక సందేహం. చేలగట్ల మీద వయ్యారిభామ ఉంది కదా, మా వైపు కాంగ్రెస్ గడ్డి అంటారు. మా మామ దాన్ని చేత్తో ముట్టడు, అయినా పొలం పోయొచ్చిన ఒకటి రెండు రోజులకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు అన్నీ ఎర్రబడి దురద. గాలి సోకితేనే వస్తుందంటాడు. మీ లెక్కన ఇది రాజుకోవడమేనా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
కాదు తమ్ముడూ. ఇక్కడ గాలి మోసుకొచ్చేది ఆ మొక్క పొడిని. అందులోని పార్థెనిన్ అనే రసాయనం చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది, దాన్ని ముందే చూసి గుర్తుపెట్టుకున్న టీ కణాలు వచ్చి తాకి గుర్తుపడతాయి. కాబట్టి ఇది అచ్చంగా అంటుకోవడమే. మొదటిరోజు కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి రావడం కూడా టీ కణాల పని అని చెప్పే గుర్తు. మామను చర్మం డాక్టరుకు చూపించండి, పొలానికి నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళమనండి. ఆ మొక్క అమెరికా ఖండాలది, మన దేశంలో 1950ల్లో పూణే దగ్గర కనిపించి, ఇప్పుడు మన నల్లరేగడి చేలను కూడా వదలడం లేదు. అంత చేటు మొక్కకు వయ్యారిభామ అని పేరెవరు పెట్టారో గానీ!

టీబీ క్రిమి సోకిందా అని చూడటానికి మోచేతి కింద చర్మంలో వేసే మాంటూ సూది కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. అందుకే 48 నుంచి 72 గంటలు ఆగి చూస్తారు. కొలిచేది ఎరుపును కాదు, చర్మం గట్టిపడిన మేరను. ఎర్రగా ఉంది కదా అని భయపడేవాళ్ళకు మేం చెప్పేది అదే.

గండికోట (కడప):
కామెర్ల ఉదాహరణ బాగుంది. దాంతో నా అభ్యంతరం సగం పోయింది, సగం ఉంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మనిషికి ముసలితనంలో సర్పి లేస్తుంది. పేరేదైనా వైరస్ ఒకటే, నరాల ముడుల్లో దాక్కుని ఉంటుందని చదివాను. అక్కడ నివురు ఏది, నిప్పు ఏది? మీరు జ్ఞాపక కణాలను నిప్పు అంటే, వైరస్‌ను ఏమంటారు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
అక్కడ నిప్పు వైరస్. నివురు మన జ్ఞాపక టీ కణాలు. వయసు మీద పడ్డప్పుడో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నప్పుడో ఆ పొర పలచబడుతుంది, సర్పి పైకి వస్తుంది. మీరు చెప్పిన టీబీలోనూ అంతే. హెచ్‌ఐవీ వల్ల సీడీ4 కణాలు (సహాయక టీ కణాలు) తగ్గినవాళ్ళలో అణగి ఉన్న టీబీ లేవడం మేం చూస్తూనే ఉన్నాం. కాబట్టి మాస్టారూ, మీరు చెప్పిన వాడుకా సరైనదే, కానీ దాన్నీ దీన్నీ ఒకే పాఠంలో కలిపితే మాత్రం పిల్లలు తికమకపడతారు.

పెన్నా ఒడ్డు (అనంతపురం):
అయితే సర్పి సంగతి వేరే పాఠంలో పెడతాను. ఇప్పటికి ఇలా రాశాను, చూడండి: "జబ్బు తగ్గాక కొన్ని టీ కణాలు నివురు గప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. అదే క్రిమి మళ్ళీ తగిలితే అంటుకుంటాయి. ఒక్కోసారి వేరే జబ్బు వల్ల పుట్టిన మంటకే రాజుకుంటాయి." 'ఉత్తేజితం' పరీక్షలో వస్తుంది కాబట్టి ఒకసారి పక్కన ఇస్తాను. ఇంకొక్కటి అక్కా. రక్తంలో తిరిగేవి, గ్రంథుల్లోకి పోయేవి, చర్మంలోనే ఉండిపోయేవి అని రకాలున్నాయి కదా, వాటికి పేర్లు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
సీసీఆర్7 అనే గుర్తు ఉంటే గ్రంథుల్లోకి పోతాయి, లేకపోతే మంట ఉన్న చోటికి పోయి వెంటనే పనిచేస్తాయి. ఈ విభజన 1999లో వచ్చింది. మొదటివాటిని కేంద్ర జ్ఞాపక కణాలు అంటున్నారు, ఉండనివ్వండి. రెండోవాటికి 'ప్రభావక' అని పుస్తకాల్లో కనిపిస్తుంది, పిల్లలకు నోరు తిరగదు, 'దాడి జ్ఞాపక కణాలు' అనండి. ఇక చర్మం, ఊపిరితిత్తులు, పేగుల్లో దిగి మళ్ళీ రక్తంలోకి తిరిగి రానివాటికి 'నివాసిత' కన్నా 'కాపురమున్న కణాలు' నాకు ఇష్టం. ఆ మాట ఎందుకు కుదురుతుందో ఒక జబ్బు చెప్తుంది. కొందరికి ఒక మందు బిళ్ళ పడదు. వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో చేతి మీదో సరిగ్గా అదే చోట నల్లటి మచ్చ తిరిగి లేస్తుంది, మిగతా ఒళ్ళంతా శుభ్రంగా ఉంటుంది. ఆ మచ్చ కింద చర్మంలో సీడీ8 కణాలు దిగబడి ఉన్నాయి, మందు ఆపేసి నెలలు గడిచినా అవి అక్కడి నుంచి కదలవు.