మెమరీ డ్రాయింగ్‌లో కొలతలకు ప్రాధాన్యమా, కూర్పుకా?

మహారాష్ట్రలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ప్రవేశానికి జరిగే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీఈటీలో ఆబ్జెక్ట్ డ్రాయింగ్, డిజైన్ ప్రాక్టికల్‌తో పాటు మెమరీ డ్రాయింగ్ (ఇచ్చిన అంశాన్ని ఎదురుగా నమూనా లేకుండా జ్ఞాపకంతో గీయడం) కూడా ఉంటుంది. సిరొంచలో నా వద్ద నేర్చుకుంటున్న విద్యార్థిని మొదటి రెండింటిలో నిలకడగానే ఉంది, చిక్కంతా మూడోదానితోనే. ‘వారపు సంత’ అనే అంశమిచ్చి గంట సమయం పెడితే, గంపలు దించుకుంటున్న ఆడవాళ్లను, బేరమాడే గుంపును పేజీ నిండుగా, సజీవంగా కూర్చి పోస్టర్ రంగులతో పూర్తి చేస్తుంది. అయితే మనుషుల చేతులు పొట్టివవుతాయి, తలలు పెద్దవవుతాయి, వెనుక వరుసలోని వారు ముందువారంత ఎత్తుగా నిలబడతారు.

తలను కొలమానంగా తీసుకుని నిలువెత్తును ఏడున్నర తలలుగా విభజించే పద్ధతి నేర్పి, బస్టాండులో కూర్చోబెట్టి రెండేసి నిమిషాల స్కెచ్‌లు గీయించాను. కొలతలు కుదిరాయి గానీ బొమ్మలు కొయ్యబారాయి, పైగా గంటలో రంగులు సగానికే ఆగిపోతున్నాయి. నాకు మునుపటి బొమ్మలే నచ్చుతాయి, కానీ మార్కులు వేసేది నేను కాదు. తెలిసిన డ్రాయింగ్ మాస్టార్లను అడిగితే తలా ఒక మాట చెప్పారు.

ఇలాంటి ప్రవేశ పరీక్షల చిత్రాలను దిద్దిన అనుభవమున్న వారు దయచేసి చెప్పగలరా: కొలతలు తప్పినా కూర్పు బలంగా ఉండి పూర్తయిన చిత్రానికి ఎక్కువ మార్కులు వేస్తారా, లేక కొలతలు సరిగా ఉండి రంగులు అసంపూర్తిగా మిగిలిన చిత్రానికా?